తల్లి లేని పిల్లిపిల్లలకు పాలు మాన్పించి తడి ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న (కావలి నుంచి):
మా పెరట్లో కట్టెల మోపుల వెనుక పిల్లలు పెట్టిన పిల్లి బండి కింద పడి చనిపోయినందున, దాని మూడు పిల్లలను నేనే సాకుతున్నాను. కళ్లు తెరిచి రెండు వారాలు దాటింది. మొదట ఆవుపాలలో నీళ్లు కలిపి పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి కనుక, ఇప్పుడు పిల్లిపిల్లల పాలపొడి కలిపి సిరంజితో పడుతున్నాను. నిన్న ప్యాకెట్‌లో దొరికే తడి ఆహారం పళ్లెంలో పెడితే, ఒకటి దానిలో నుంచి నడిచి వెళ్లిందే గాని మూతి పెట్టలేదు. చేపల పులుసులో ముక్కను కడిగి పెట్టమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు నుంచి):
పిల్లిపిల్లలు సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య కళ్లు తెరుస్తాయి కాబట్టి, మీవాటికి నాలుగో వారం నడుస్తూ ఉండాలి. చిగురు మీద వేలు ఆనించి చూడండి. ముందుపళ్లు నూకల్లా గరుగ్గా తగులుతూ, సిరంజి కొనను కొరకడం మొదలుపెట్టి ఉంటే సమయం వచ్చినట్టే. ఆవుపాలు పడకపోవడానికి కారణం వాటిలోని లాక్టోజ్ అనే పాలచక్కెర. మా ఒంగోలు ఆవు పాలైనా అంతే.

తడి ఆహారం ఒక వంతుకు, కలిపిన పాలు రెండు వంతులు పోసి, పలుకు లేకుండా మెదిపి, గోరువెచ్చగా జావలా చేయండి. అంచు లేని పళ్లెంలో పోసి, వేలితో కొంచెం తీసి పెదవికి రాయండి. పిల్ల నాకుతుండగా వేలిని మెల్లగా పళ్లెం వైపు దించితే మూతి దానంతటదే వెంట వస్తుంది. తలను పట్టి జావలో వంచకండి, ముక్కులోకి పోతుంది. సిరంజితో పాలు పట్టేటప్పుడు కూడా పిల్ల బోర్లా ఉండాలి. పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఒళ్లు చల్లబడిన పిల్లను ముందు వెచ్చబరచిన తరువాతే ఏదైనా పెట్టాలి.

పాలు ఒక్కసారిగా మానకండి. రెండు మూడు రోజులకోసారి జావలో పాలు తగ్గించుకుంటూ వస్తే, ఏడెనిమిది వారాలకు పూర్తిగా తిండికి అలవాటు పడతాయి. పులుసు ముక్క మాత్రం వద్దండి, ఎంత కడిగినా ఉల్లి, వెల్లుల్లి రసం కండలో ఉండిపోతుంది. అవి పిల్లుల రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన ఎండలకు మిగిలిన జావ త్వరగా పులుస్తుంది కనుక గంటలోపే పారబోయండి.

మళ్లీ ప్రశ్న:
రెండు పిల్లలు పళ్లెంలోనే తింటున్నాయి. వంటింటి కాటా మీద 390, 375 గ్రాములు తూగాయి. మూడోది 290 దగ్గర రెండు రోజులుగా ఆగిపోయింది. వేలి మీదిది నాకుతుంది గాని పళ్లెం దగ్గరికి రాదు.

జవాబు:
ఈ వయసులో రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి కాబట్టి, రెండు రోజులు ఆగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దానికి వేరే పళ్లెం పెట్టి, పాలు మునుపటిలాగే పడుతూ, రేపే పశువుల ఆసుపత్రిలో చూపించండి. రోజువారీ బరువులు కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. నులిపురుగుల మందు మోతాదు కూడా ఆ బరువును బట్టే ఇస్తారు.