బైక్ పార్కింగ్‌కి సెమిస్టర్‌కి రూ.600: కట్టాలా, వద్దా?

కె-బ్లాక్ సీఆర్:
కాలేజీ ఇచ్చిన పార్కింగ్ సర్క్యులర్ చూడనివాళ్ల కోసం క్లుప్తంగా. వచ్చే సెమిస్టర్ నుంచి టూవీలర్‌కి రూ.600, కారుకి రూ.2,000. ఫస్టియర్ వాళ్లు బండి తేకూడదు. కె-బ్లాక్ ముందు చెట్ల కింద ఉన్న స్థలం మొత్తం స్టాఫ్ కార్లకి. విద్యార్థుల బండ్లన్నీ గేట్ 2 పక్క గ్రౌండ్‌లోకి. ప్రతి బండికీ ఆర్‌ఎఫ్‌ఐడీ స్టిక్కర్ (గేటు దగ్గర రీడర్ దూరం నుంచే చదివే ట్యాగ్) తప్పనిసరి. అభ్యంతరాలుంటే శుక్రవారంలోగా రాసివ్వమన్నారు. ఇక్కడ వచ్చే పాయింట్లతోనే లెటర్ రాస్తాను. తిట్లు వద్దు, పనికొచ్చేవి రాయండి.

డేస్కాలర్_ఉప్పల్:
ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ట్యూషన్ ఫీజు కాక ప్రతి ఏడాదీ "ఇతర సదుపాయాలు" అని విడిగా తీసుకుంటున్నారు. పార్కింగ్ సదుపాయం కాదా? 2024లో నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర ఫ్రీ పార్కింగ్ ఎత్తేస్తామన్నప్పుడు ప్రయాణికులు ఎంత గొడవ చేశారో గుర్తుందా? మనం కనీసం లెటర్ మీద సంతకాలైనా పెట్టలేమా?

సివిల్_ఫైనలియర్:
డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గ్రౌండ్ పార్కింగ్‌కి పనికొస్తుందా అని అడగండి. అక్కడ ఎర్రమట్టి మీద వదులుగా మొరం పోసి వదిలేశారు, రోలర్ తిప్పలేదు. ఎండాకాలం నడిచిపోతుంది. జూలైలో ఒక్క గట్టి వాన పడితే సైడ్ స్టాండ్ కాలు నేలలోకి దిగిపోతుంది. బండి బరువు 120 నుంచి 180 కేజీలు. అందులో స్టాండ్ మీద పడే భాగమంతా నాలుగు వేళ్లంత ఇనుప ముక్క మీదే ఆనుతుంది కదా. ఒక బండి ఒరిగితే ఆ వరసంతా ఒరుగుతుంది. పోయేవి అద్దాలు, ఇండికేటర్లు, బ్రేక్ లివర్లు.

సరిగ్గా చేయాలంటే మెత్తటి పైమట్టి తీసేసి, కనీసం 150 మి.మీ. వెట్ మిక్స్ (నీళ్లతో కలిపిన కంకర, రాతిపొడి) పొరలుగా వేసి వైబ్రేటరీ రోలర్‌తో తొక్కించాలి. దాని మీద 30 మి.మీ. ఇసుక, ఆపైన పేవర్ బ్లాకులు, అంటే పక్కపక్కన పరిచే సిమెంట్ ఇటుకలు. బండ్లకైతే 60 మి.మీ. బ్లాకులు చాలు. కానీ ఆ దారినే వాటర్ ట్యాంకర్లు వెళ్తాయి కాబట్టి ఆ పట్టీ వరకు 80 మి.మీ. వేయాలి. నీళ్లు పోవడానికి డ్రెయిన్ వైపు మీటరుకి 2 సెం.మీ. వాలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం చుట్టూ కెర్బ్ రాయి, అంటే అంచుని కదలకుండా పట్టి ఉంచే రాయి. మన దగ్గర కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది సరిగ్గా అదే. కెర్బ్ లేకపోతే అంచు బ్లాకులు పక్కకి జరిగి, సందుల్లో ఇసుక కొట్టుకుపోయి, ఒక్క వానాకాలానికే నేల గుంతలు పడుతుంది.

ఇంకో లెక్క. కారు నిలబెట్టే చోటు 2.5 × 5 మీటర్లు. తిరగడానికి, వెనక్కి తీయడానికి దారి కలిపితే కారుకి దాదాపు 23 చదరపు మీటర్లు పడుతుంది. బైక్‌కి 1 × 2 మీటర్లు, దారితో కలిపి 3. కె-బ్లాక్ ముందు 40 కార్లు పట్టే నీడలో 300 బండ్లు పెట్టొచ్చు.

ఈసీఈ_సెకండియర్:
ఆ 40 చోట్లలో సగం రోజూ ఖాళీగానే కనిపిస్తాయి.

అసిస్టెంట్_ప్రొఫెసర్:
సగం ఖాళీ అన్నది సరికాదు. ఉదయం 9 గంటలకి చూస్తే ఖాళీగానే ఉంటుంది, 11 తర్వాత చూడండి. ఇక ఆ 3 చదరపు మీటర్ల లెక్క కాగితం మీద కుదురుతుంది, నేల మీద కుదరదు. హ్యాండిల్ వెడల్పే దాదాపు 75 సెం.మీ. ఉంటుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి ఒరుగుతుంది. పక్కన మనిషి నిలబడి బండి తీయాలి. మీటరు చాలదు.

సివిల్_ఫైనలియర్:
సార్, మెయిన్ స్టాండ్ వేయమని నియమం పెడితే మీటరు చాలు. అన్ని బండ్లూ ఒకే వైపు ఒరుగుతాయి కాబట్టి సైడ్ స్టాండ్‌తో కూడా సరిపోతుంది. గీతలు లేని చోట ఒకడు నిలువుగా, ఇంకొకడు అడ్డంగా పెడతాడు. ఇబ్బంది అక్కడ వస్తుంది.

అసిస్టెంట్_ప్రొఫెసర్:
ఇప్పుడొచ్చే బండ్లలో కొన్నిటికి మెయిన్ స్టాండే ఉండదు. 1.2 మీటర్లు వేసి లెక్కేయండి. 300 కాస్తా 250 అవుతుంది.

సివిల్_ఫైనలియర్:
250 అనే అనుకుందాం. 40 మంది కోసం 250 మందిని ఎండలోకి పంపడం ఎలా సమంజసం అవుతుందో చెప్పండి.

హాస్టల్_3:
అసలు ఇన్ని బండ్లు లోపలికి ఎందుకు? ఐఐటీ మద్రాస్‌లో విద్యార్థులకి మోటారు బండ్లకి అనుమతే లేదు. సైకిళ్లు, క్యాంపస్ బస్సులతోనే నడుస్తోంది. మన కె-బ్లాక్ చుట్టూ దారి 6 మీటర్ల వెడల్పు, ఫైర్ ఇంజన్ రావడానికి ఆ మాత్రం కావాలి. రెండు పక్కలా బండ్లు పెడితే మిగిలేది రెండు మీటర్లు. మూడో అంతస్తులో కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది. ఏదైనా జరిగితే ఇంజన్ ఎటు నుంచి వస్తుంది?

ఫస్టియర్‌ని ఆపడం కూడా నూటికి నూరుపాళ్లు సరైందే. చేరేటప్పటికి చాలామందికి 17 ఏళ్లే, గేరు బండికి లైసెన్స్ రాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో రూ.25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

మెకానికల్_బ్యాక్‌బెంచ్:
ఫస్టియర్ విషయంలో నేనూ ఒప్పుకుంటా. కానీ లైసెన్స్ చూసి స్టిక్కర్ ఇస్తే సరిపోదా? 18 నిండినవాడిని కూడా ఎందుకు ఆపడం?

డేస్కాలర్_ఉప్పల్:
ఐఐటీ మద్రాస్ పోలిక పెట్టొద్దు. అది రెసిడెన్షియల్ క్యాంపస్, విద్యార్థులు ఉండేది లోపలే. మన దగ్గర నూటికి అరవై మంది రోజూ బయట నుంచి వచ్చేవాళ్లే. హాస్టల్ నుంచి క్లాసుకి ఐదు నిమిషాల్లో నడిచొచ్చేవాళ్లు బండ్లు ఆపమంటున్నారు, బాగుంది.

ఈసీఈ_సెకండియర్:
ఆర్‌ఎఫ్‌ఐడీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఆఫీసు వాళ్లు తెప్పించినవి మామూలు కాగితపు ట్యాగులు, కార్ల అద్దం లోపల అంటించేవి. వాటిని పెట్రోల్ ట్యాంకు మీద అంటిస్తే రీడర్ చదవదు. లోహం మీద ఆ యాంటెన్నా పనిచేయదు. హెడ్‌లైట్ పైనున్న ప్లాస్టిక్ కౌల్ మీదో విండ్‌షీల్డ్ మీదో అంటించాలి, లేకపోతే లోహం మీద పనిచేసే మందపాటి ట్యాగులు విడిగా కొనాలి. ఇంకో సంగతి, బూమ్ బారియర్ (గేటు దగ్గర లేచి దిగే అడ్డుకర్ర) ఒక బండికి లేచి దిగేలోపు వెనకాల ఇంకో బండి దూరుతుంది. కర్ర హెల్మెట్ మీద పడుతుంది. టూవీలర్లకి బారియర్ లేకుండా సన్నటి లేన్ పెట్టి, పక్కన రీడర్ పెట్టడం మేలు.

కె-బ్లాక్ సీఆర్:
ఇది లెటర్‌లో రాస్తున్నా అక్కా. థాంక్స్.

హాస్టల్_3:
ట్యాగ్ ఎక్కడ అంటించాలన్నది చిన్న విషయం. ఫైర్ ఇంజన్ దారి గురించి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

సివిల్_ఫైనలియర్:
చెప్తున్నా. ఆ దారికి ఒక పక్క పూర్తిగా పార్కింగ్ తీసేసి, పసుపు గీత కొట్టి, మీటరున్నర దూరానికొక ఇనుప బొల్లార్డ్ (బండ్లు పెట్టకుండా ఆపే పొట్టి స్తంభం) పెట్టాలి. మలుపుల దగ్గర 9 మీటర్ల టర్నింగ్ రేడియస్ వదలాలి. దానికోసం బండ్లన్నీ గ్రౌండ్‌కి తోలాల్సిన పని లేదు.

ఫీజు కంటే ముందు లెక్క తీయండి. ఎవరూ తీయలేదు. ఇద్దరు మనుషులు చాలు. మంగళవారం, గురువారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి ప్రతి వరసా తిరిగి నంబర్ ప్లేట్ చివరి నాలుగు అంకెలు రాసుకోవాలి. ఏ గంటకి ఎన్ని బండ్లు, ఎన్ని రోజంతా ఉన్నాయి, ఎన్ని గంటలో వెళ్లిపోయాయి, ఏ బండి వారాల తరబడి కదల్లేదు, అన్నీ తేలతాయి. నూటికి 85 చోట్లు నిండాయంటే వచ్చేవాడికి అంతా నిండినట్టే, చోటు కోసం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆ లెక్క లేకుండా 600 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

సియాటిల్_నుంచి:
నేను మన క్యాంపస్ పాత విద్యార్థిని. అమెరికా యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఉన్న స్థలాల కంటే ఎక్కువ పర్మిట్లు అమ్ముతారు, అందరూ ఒకేసారి రారన్న లెక్కతో. ఫీజు కట్టినా చోటు గ్యారంటీ ఉండదు. అందుకే సర్క్యులర్‌లో ఎన్ని స్టిక్కర్లు ఇస్తారో రాయించుకోండి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 1991లో యూ-పాస్ అని పెట్టారు. ఒకే కార్డుతో అన్ని బస్సులూ ఎక్కొచ్చు. దానికి కావలసిన డబ్బులో కొంత పార్కింగ్ రేట్లు పెంచి తెచ్చారు. అంటే పార్కింగ్ డబ్బు బస్సుల్లోకి వెళ్లింది. మీ 600 ఎక్కడికి వెళ్తుందో అడగండి.

డేస్కాలర్_ఉప్పల్:
మళ్లీ అమెరికా. అక్కడి సంగతి ఇక్కడెందుకు? ఇక్కడ సాయంత్రం గేట్ 2 దగ్గర ఎలా ఉంటుందో తెలుసా? ఒకే లేన్, ఒకే గార్డు. బండికి 6 సెకన్లు వేసుకున్నా 400 బండ్లకి 40 నిమిషాలు. రెండో లేన్ తెరిస్తే 20. గేట్ 1 తెరవమంటే "అది విజిటర్లకి" అంటారు.

హాస్టల్_3:
ఆ 40 నిమిషాలూ హారన్లు, కోసి మార్చిన సైలెన్సర్ల మోతలు మా కిటికీల కిందే. రీడింగ్ రూంలో కూర్చోలేం. బండి మీ సౌకర్యం, దాని ఖర్చు మీరు పెట్టుకోవాలి. నడిచేవాడి ఫీజుతో మీకు పేవర్లు వేయాలా?

డేస్కాలర్_ఉప్పల్:
సౌకర్యమా? ఆ మాట ఇంకోసారి అనకు. ల్యాబ్ 4:40కి అవుతుంది. కాలేజీ బస్సులు 4:10కి వెళ్లిపోతాయి. వారంలో మూడు రోజులు ల్యాబ్ ఉంది. బస్సు ఫీజు మాత్రం ఏడాది మొత్తానికి కట్టాలి. మూడు రోజులు ఎక్కలేని బస్సుకి డబ్బులు ఎందుకు కడతాం? బస్సు మానేసి బండి కొన్నది సరదాకి కాదు.

మెకానికల్_బ్యాక్‌బెంచ్:
ఇదే అసలు మాట. ఇంతసేపూ ఎవరూ అనలేదు.

ఈసీఈ_సెకండియర్:
మా అమ్మాయిలకి 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఫ్రీ, జీరో టికెట్ మీద వెళ్లొచ్చు. కానీ బస్సు రావాలి కదా. 4:40 తర్వాత మెయిన్ రోడ్డు దాకా నడవాలి, ఆ దారిలో సగం లైట్లు వెలగవు. వచ్చిన బస్సు అప్పటికే ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంటుంది. అమ్మాయిల్లో స్కూటీలు పెరగడానికి కారణం ఇదే. గేట్ 2 గ్రౌండ్‌లో కూడా లైట్లు లేవు. డిసెంబర్‌లో ఆరు కాకముందే చీకటి పడుతుంది. లెటర్‌లో ఫీజు కంటే ముందు లైట్లు రాయండి.

అసిస్టెంట్_ప్రొఫెసర్:
ల్యాబ్ టైమింగ్ పార్కింగ్ కమిటీ చేతిలో లేదు. సెక్షన్లు పెరిగాయి, ల్యాబ్ గదులు పెరగలేదు. రెండు బ్యాచ్‌లుగా జరిగేది మూడు చేయాల్సి వచ్చింది. మూడోది 4:40 దాకా సాగుతుంది. బస్సుల కాంట్రాక్టేమో సాయంత్రం ఒకే ట్రిప్పుకి రాసుకున్నది.

సివిల్_ఫైనలియర్:
అయితే సీట్లు పెంచినందుకు అయ్యే ఖర్చు డేస్కాలర్ల మీద వేస్తున్నారన్న మాట. గదులు కట్టలేదు, ల్యాబ్ పొడిగించారు. బస్సు తప్పింది, బండి కొన్నారు. ఇప్పుడు ఆ బండి నిలబెట్టడానికి ఫీజు. మూడు, నాలుగు రూట్లలో 5 గంటలకి రెండో ట్రిప్పు పెడితే ఎన్ని బండ్లు తగ్గుతాయో ఒక నెల చూసి, ఆ తర్వాత ఫీజు మాట ఎత్తమనండి.

హాస్టల్_3:
5 గంటల బస్సు పెడితే మీరు బండి ఇంట్లో వదిలేస్తారా? నిజం చెప్పండి.

డేస్కాలర్_ఉప్పల్:
అందరూ వదలరు. ఉప్పల్, ఎల్బీనగర్ రూట్లో చాలామంది వదులుతారు. ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు, పార్ట్ టైం చేసేవాళ్లు వదల్లేరు. వాళ్ల దగ్గర కూడా బస్సు వచ్చేదాకా పైసా తీసుకోకూడదు.

హాస్టల్_3:
బస్సు వచ్చాక కూడా కట్టనంటే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఫైర్ దారి ఖాళీ చేయించడం మాత్రం ఆగకూడదు. అది లెటర్‌లో లేకపోతే హాస్టల్ నుంచి ఒక్క సంతకం రాదు.

అసిస్టెంట్_ప్రొఫెసర్:
నీడ స్థలం గురించి కూడా మెత్తగా రాయండి. సీనియర్ స్టాఫ్‌లో మోకాళ్ల నొప్పులతో ఉన్నవాళ్లున్నారు. పది చోట్లు వాళ్లకి, వికలాంగ విద్యార్థులకి, అంబులెన్స్‌కి వదలమని అడిగితే మిగతా ముప్పై గురించి మాట్లాడటం సులువు. ఆ ముప్పై వదలడానికి స్టాఫ్ ఒప్పుకుంటారని మాత్రం నేను మాటివ్వలేను.

సివిల్_ఫైనలియర్:
పదికి అభ్యంతరం లేదు. ముప్పైకి ఉంది.

కె-బ్లాక్ సీఆర్:
లెటర్ ఈ వరసలో రాస్తున్నా: 5 గంటల బస్సు, గ్రౌండ్‌లో లైట్లు, కె-బ్లాక్ దారికి ఒక పక్క బండ్లు తీసేయడం, లైసెన్స్ చూసి స్టిక్కర్, ట్యాగ్ సంగతి, సాయంత్రం గేట్ 1 కూడా తెరవడం, నీడలో పది చోట్లు పోగా మిగతావి టూవీలర్లకి. నేల పని, బండ్ల లెక్క అయ్యేదాకా ఫీజు వాయిదా. మంగళవారం, గురువారం లెక్క రాయడానికి ఇద్దరు కావాలి, పేర్లు ఇక్కడ ఇవ్వండి.

డేస్కాలర్_ఉప్పల్:
"వాయిదా" కాదు, "రద్దు" అని రాస్తేనే నా సంతకం. మంగళవారం లెక్కకి మాత్రం నేనొస్తా.

మెకానికల్_బ్యాక్‌బెంచ్:
గురువారం నేను.