పది మీటర్ల ఎయిర్ రైఫిల్: పెల్లెట్లు కిందికీ కుడికీ పోతున్నాయి, బ్యారెల్ మార్చాలా?

కావలి తండ్రి:
మా అమ్మాయి పదో తరగతి చదువుతూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. రైఫిల్ కంప్రెస్డ్ ఎయిర్‌తో పనిచేసేది, ఒకరు వాడిన తరువాత మేము కొన్నది. నిన్నమొన్నటి దాకా వరుసగా తొమ్మిదో వలయం లోపలే పడుతూ వచ్చిన పెల్లెట్లు ఈమధ్య ఎనిమిదో వలయానికి జారుతున్నాయి, అవి కూడా ఎక్కువగా కిందికీ కుడికీ పోతున్నాయి. సైట్ (గురి చూసే అమరిక) సరిచేసిన రోజు బాగానే ఉంటుంది, మరునాటికి మళ్ళీ మొదటికొస్తుంది. బ్యారెల్ అరిగిపోయింది, మార్చక తప్పదని ఒక దుకాణంలో చెప్పారు. ఆ ఖర్చు మాకు చిన్నది కాదు కనుక, దానికి ముందు ఏమేం పరీక్షించాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

ఒంగోలు శిక్షకుడు:
అయ్యా, అనుమానించవలసిన వాటిలో బ్యారెల్ చిట్టచివరిది. మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ మెత్తని సీసంతో చేసినది, దాని వేగం సెకనుకు సుమారు 175 మీటర్లే, మందుగుండు మంట అసలే లేదు. అటువంటి బ్యారెల్ సాధనతో అరగడం చాలా అరుదు. మూతి అంచుకు దెబ్బ తగిలినా, లోపల తుప్పు పట్టినా మాత్రమే దాని జోలికి వెళ్ళాలి.

ముందుగా రైఫిల్ తప్పును, షూటర్ తప్పును వేరు చేయండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ ముందు భాగాన్ని దాని మీద ఆనించి, అమ్మాయి కాకుండా మరొక మంచి షూటర్ చేత ఒకే లక్ష్యం మీద కాల్పించండి. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. కనుక అన్ని రంధ్రాలూ కలిసిన మచ్చ వెలుపలి కొలత 6 మి.మీ. దగ్గర ఉంటే రైఫిల్ నిక్షేపంగా ఉన్నట్టే. మచ్చ పెద్దదైతే పెల్లెట్లు మార్చి చూడండి. ఒకే పేరుతో వచ్చే డబ్బాల్లోనే తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని తేడాలుంటాయి, ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. డబ్బా కింద పడి వెనుక అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లను మ్యాచ్‌కు వాడవద్దు. సీసాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కోనిదే తినకూడదన్న నియమాన్ని పిల్లలకు మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి.

ఈ పరీక్షలన్నిటిలోనూ ఒకసారికి ఒక్కటే మార్చాలి. పెల్లెట్, స్క్రూ, సైట్ మూడూ ఒకే సాయంత్రం మార్చితే దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు.

నెల్లూరు ఫిట్టర్:
శిక్షకుడు గారు చెప్పినదానికి నేను లెక్క జోడిస్తాను, ఎందుకంటే కిందికి పోవడమూ కుడికి పోవడమూ ఒకే జబ్బు కాకపోవచ్చు. సెకనుకు 175 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లు చేరేలోపు భూమ్యాకర్షణ వల్ల 16 మి.మీ. దిగుతుంది, సైట్ ఆ దిగుడును లెక్కలోకి తీసుకునే అమర్చబడి ఉంటుంది. వేగం 170కి తగ్గితే పెల్లెట్ దాదాపు ఒక మి.మీ. అదనంగా కిందికి పోతుంది, 160కి తగ్గితే మూడు మి.మీ. దాటుతుంది. దశాంశ స్కోరులో, అంటే ఒక్కో పాయింటును పది భాగాలుగా లెక్కించే పద్ధతిలో, ప్రతి 0.1 పాయింటుకూ 0.25 మి.మీ. చొప్పున లెక్క కనుక, ఆ ఒక్క మి.మీ. విలువ 0.4 పాయింటు. అరవై షాట్ల మ్యాచ్‌లో అది ఎంత నష్టమో మీరే ఊహించవచ్చు.

వేగం తగ్గడానికి కారణం గాలి. సిలిండర్ నిండుగా 200 బార్ (పీడనం కొలత) ఉన్నప్పుడూ, బాగా వాడిన తరువాతా ఒకేలా కొడుతోందో లేదో చూడండి. సిలిండర్ పీడనం మారినా వేగం నిలకడగా ఉండేలా చూడటమే రెగ్యులేటర్ పని, అది గానీ, గాలి కారకుండా ఆపే ఏదైనా ఓ-రింగ్ గానీ పాడైతే మొదట కనబడేది కింది షాటే. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి తేమను పట్టే ఫిల్టర్ లేని చేతి పంపుతో నింపితే నీరు లోపలికి చేరుతుంది. సిలిండర్ మీద ముద్రించిన తేదీ కూడా చూడండి, పదేళ్ళు దాటినదాన్ని పోటీలకు అనుమతించరు, ఇంట్లోనూ వాడకూడదు. పీడనం ఉండగా ఏ భాగాన్నీ విప్పవద్దు. గాలికి బదులు ఆక్సిజన్ నింపడం ప్రాణాంతకం, నూనె ఆవిరి తగిలితే అది పేలుతుంది.

అలాగే యాక్షన్‌ను (రైఫిల్‌లో కాల్చే యంత్రభాగం) స్టాక్‌కు (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) బిగించే స్క్రూలను చూడండి. వాటిని కండబలంతో కాక, తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచే పానా) బిగించాలి. "సరిచేసిన మరునాటికి మళ్ళీ మొదటికే" అన్న మీ మాట వింటే నాకు మొదట తోచినది ఇదే.

ఆత్మకూరు షూటర్:
కుడి వైపు సంగతి నేను చెబుతాను. గురి సరిగ్గా ఉన్నా, రైఫిల్ కుడికి 5 డిగ్రీలు ఒరిగితే పెల్లెట్ సుమారు 1.4 మి.మీ. కుడికి పోతుంది, కిందికి మాత్రం దాదాపు కదలదు. నెల్లూరు వారు అన్నట్టు ఇది వేరే జబ్బే. మీ అమ్మాయి ఎదిగే వయసులో ఉంది. చేతులూ మెడా పొడవై, నిరుడు అమర్చిన బట్ ప్లేట్ (భుజానికి ఆనే వెనుక పలక) ఇప్పుడు పొట్టిదైతే, చెంప చీక్ పీస్ మీద ఒకేచోట ఆనక రైఫిల్‌ను పక్కకు వంచుతుంది. ముందు వైపు నుంచి ఫోన్‌తో వీడియో తీస్తే ఆ ఒరుగు మీకే కనబడుతుంది. పిల్లల విషయంలో రైఫిల్‌ను నిందించే ముందు వారి ఎత్తును కొలవాలన్నది నా గట్టి అభిప్రాయం.

వెలుతురు కూడా చూడండి. లక్ష్యం మీద కనీసం 1500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి. కిటికీ పక్కన ఏర్పాటు చేసుకున్న రేంజ్‌లలో మబ్బు పట్టినప్పుడల్లా నల్ల వృత్తం అంచు మారినట్టు తోస్తుంది.

కావలి తండ్రి:
అందరికీ నమస్కారం. ఇసుక సంచి మీద మా రేంజ్‌లోని పెద్ద షూటర్ కాల్చగా, నిండు సిలిండర్‌తో మచ్చ 6 మి.మీ. లోపే వచ్చింది. కనుక బ్యారెల్ మార్చే ఆలోచన మానుకున్నాము. స్క్రూలు బిగువుగానే ఉన్నాయి. అయితే గాలి సగానికి తగ్గాక పెల్లెట్లు వరుసగా కిందికి జారాయి, కుడికి మాత్రం పోలేదు. వీడియోలో చూస్తే అమ్మాయి చేతిలో రైఫిల్ కుడికి ఒరుగుతోంది. ఇప్పుడు రెగ్యులేటర్ ముందా, బట్ ప్లేట్ ముందా?

నెల్లూరు ఫిట్టర్:
రెగ్యులేటరే ముందు. దాన్ని శిక్షణ పొందిన సాంకేతికుని చేతికి ఇవ్వండి, సిలిండర్‌ను విప్పి విడిగా పంపండి.

ఒంగోలు శిక్షకుడు:
అది తిరిగి వచ్చేదాకా అమ్మాయిని ఖాళీగా ఉంచవద్దు. పెల్లెట్ లేకుండా, గోడకు అంటించిన తెల్ల కాగితం ఎదుట భంగిమ సాధన చేయించండి. బట్ ప్లేట్‌ను ఆ రోజుల్లోనే కొద్దికొద్దిగా జరిపి, ఆమె కళ్ళు మూసుకుని రైఫిల్ ఎత్తి మళ్ళీ తెరిచినప్పుడు సైట్ నిటారుగా నిలిచే చోట గుర్తు పెట్టండి. డయాప్టర్ (వెనుక సైట్) మరలను మాత్రం రెగ్యులేటర్ బాగై వచ్చేదాకా ఎవరూ తాకవద్దు.