కొన్న గేమ్ సర్వర్ ఆగిపోయాక కూడా నడుస్తుందో లేదో కొనకముందే తేల్చుకోవడం ఎలా?

సేవ్_స్లాట్_7 (ప్రశ్న)

ద క్రూ అనే కార్ రేసింగ్ గేమ్ సంగతి అందరికీ తెలిసిందే. 2014 డిసెంబర్‌లో వచ్చింది, 2023 డిసెంబర్‌లో స్టోర్ల నుంచి తీసేశారు, 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. అందులో ఒక్కరే ఆడుకునే కథ ఉన్నా, డిస్క్ చేతిలో ఉన్నా ఇక ఆడే దారి లేదు. ఆంథెమ్ అనే మరో గేమ్ సర్వర్లకు కూడా 2026 జనవరి 12తో తాళం పడింది.

నాకు కావాల్సింది సింగిల్ ప్లేయర్ ఒక్కటే, మల్టీప్లేయర్ పోతే పోనీ. నాలుగైదు వేలు పోసి కొన్న గేమ్ పదేళ్ల తర్వాత కూడా నడుస్తుందని ముందే ఎలా పసిగట్టాలి? పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్ పేజీలో ఏం చూడాలి? "పీఎస్5 డిస్క్ కొనుక్కో, ఏ గొడవా ఉండదు" అంటారు కదా, అది ఎంతవరకు నిజం?

పింగ్_తక్కువ

ముందు ఒక సంగతి. అమ్మకం ఆపేయడం వేరు, సర్వర్ ఆపేయడం వేరు. ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబర్ 15న ఆగింది, కార్ల లైసెన్సులు, పాటల లైసెన్సుల గడువు తీరడమే కారణం. అప్పటికే కొన్నవాళ్లు ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకోవచ్చు. ద క్రూ అలా కాదు. మీరు ఒంటరిగా రోడ్డు మీద తిరుగుతున్నా మీ ప్రోగ్రెస్ అంతా సర్వర్ మీదే ఉండేది. అందుకే సర్వర్‌తో పాటే ఆటా పోయింది.

స్టీమ్ పేజీలో కుడివైపు పట్టీ చూడండి. థర్డ్ పార్టీ డీఆర్ఎం (కాపీ చేయకుండా వేసే డిజిటల్ తాళం), థర్డ్ పార్టీ అకౌంట్ లాంటివి కావాల్సి ఉంటే మామూలుగా అక్కడ రాసి ఉంటుంది. ఏమీ లేకపోతే సగం గండం గడిచినట్టే. డెనూవో అనే డీఆర్ఎం పేరు ఉంటే, గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు మీ పీసీకి ఒక టోకెన్ ఇస్తుంది. సీపీయూ మార్చినా, ఒక్కోసారి పెద్ద విండోస్ అప్‌డేట్ పడినా ఆ టోకెన్ చెల్లదు, మళ్లీ నెట్ కావాలి. ఒకే రోజులో ఐదు పీసీలు దాటితే యాక్టివేషన్ ఆపేస్తుంది. లినక్స్‌లో విండోస్ గేములు నడిపే ప్రోటాన్ వెర్షన్ మార్చినా కొత్త పీసీగానే లెక్కపెడుతుంది, లినక్స్ మీద నడిచే చేతి మెషీన్ స్టీమ్ డెక్ వాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. చాలా కంపెనీలు కొన్నాళ్లకు డెనూవోను వాళ్లే తీసేస్తాయి. తొందర లేకపోతే అప్పటిదాకా ఆగడమే మంచిది, ధర కూడా దిగుతుంది.

పేజీ మీద రాతను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. స్టీమ్ రీఫండ్ రూల్ ఏంటంటే కొన్న 14 రోజుల్లోపు, ఆట సమయం 2 గంటల్లోపు. ఆ గడువులోనే పరీక్ష పెట్టేయండి:

1. నెట్ ఉండగా గేమ్ పూర్తిగా అప్‌డేట్ చేసి, ఒకసారి తెరిచి, మొదటి సేవ్ వచ్చేదాకా ఆడి మూసేయండి.
2. స్టీమ్ మెనూలో ఆఫ్‌లైన్‌కి వెళ్లండి. తర్వాత వైఫై కూడా ఆపండి, లాన్ కేబుల్ ఉంటే పీకేయండి. స్టీమ్ ఒక్కటే ఆఫ్‌లైన్ పెడితే చాలదు, కంపెనీ లాంచర్ (గేమ్‌ని తెరిచే కంపెనీ సొంత యాప్) తన దారిన తాను నెట్‌కి వెళ్తుంది.
3. గేమ్ తెరిచి పాత సేవ్ లోడ్ చేసి, కొంచెం ఆడి, కొత్త సేవ్ వేసి మూసేయండి.
4. పీసీ రీస్టార్ట్ చేసి, నెట్ లేకుండానే ఇంకోసారి తెరవండి. కొన్ని గేములు పాత లాగిన్ సెషన్ మీద మొదటిసారి నడిచేస్తాయి, రెండోసారికి అసలు రంగు బయటపడుతుంది.

ఇక్కడొక చిక్కుంది. మొదటిసారి తెరిచినప్పుడు గ్రాఫిక్స్ కోసం షేడర్లు కంపైల్ అయ్యే సమయం, లాంచర్ తెరిచి ఉన్న సమయం కూడా ఆ 2 గంటల్లోకే పోతాయి. కాబట్టి ఈ పని మొదటి గంటలోనే ముగించండి.

పాత_డిస్క్

డిస్క్ మాటకి నేను చెప్తా. డిస్క్ ఉండటం కాదు, డిస్క్‌లో ఏముందన్నదే లెక్క. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది దాదాపు 70 ఎంబీ, అసలు గేమ్ అంతా డౌన్‌లోడే. అది డిస్క్ రూపంలో ఉన్న తాళంచెవి మాత్రమే. నింటెండో స్విచ్ 2లో దీనికి గేమ్ కీ కార్డ్ అని పేరే పెట్టేశారు, బాక్స్ ముందువైపు కింద రాసి ఉంటుంది. కార్డ్‌లో గేమ్ ఉండదు, మొదటిసారి నెట్‌లోంచి దించుకోవాలి, ఆ తర్వాత కూడా ఆడాలంటే కార్డ్ స్లాట్‌లో ఉండాల్సిందే. అదే మెషీన్‌కి సైబర్‌పంక్ 2077 మాత్రం 64 జీబీ కార్ట్రిడ్జ్‌లో మొత్తంగా వచ్చింది. అంటే మనసుంటే కుదురుతుంది.

డజ్ ఇట్ ప్లే అనే సైట్‌లో డిస్క్‌ని నెట్ లేకుండా పెట్టి, నడిచిందా లేదా అన్నది గేమ్ వారీగా రాస్తారు. కొనకముందు అక్కడ వెతకండి. ఇంట్లో చూసుకోవాలంటే పీఎస్5 సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ ఆపి, గేమ్ డిలీట్ చేసి, డిస్క్ నుంచి ఇన్‌స్టాల్ చేసి ఆడి చూడండి. ప్యాచ్ లేని 1.00 వెర్షన్‌లో కథ చివరిదాకా వెళ్తుందా అన్నదే అసలు పరీక్ష. మొదటి రోజు ప్యాచ్ లేకపోతే మధ్యలో ఆగిపోయే గేములు ఉన్నాయి.

పీఎస్5 స్లిమ్‌కి విడిగా డిస్క్ డ్రైవ్ కొంటే, బిగించాక ఒకసారి నెట్‌కి కలపనిదే పనిచేయదు. ఆ పని ఇప్పుడే చేసి పెట్టుకోండి. పీఎస్4 ఉన్నవాళ్లు 9.00 లేదా ఆ పైన ఫర్మ్‌వేర్‌లో ఉండాలి. 2021 సెప్టెంబర్‌కి ముందు ఫర్మ్‌వేర్‌లో లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయి, నెట్ కూడా లేకపోతే డిస్క్ గేములు కూడా తెరుచుకునేవి కావు.

సర్వర్_గది

కంపెనీల వైపు వాదన కూడా కొంత వినాలి. ఇన్వెంటరీ, లాగిన్, మ్యాచ్‌మేకింగ్ అన్నీ వేర్వేరు సర్వీసులుగా రాస్తారు, వాటిలో కొన్ని బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్. గేమ్ చచ్చే రోజున వాటిని విప్పి జనానికి ఇవ్వడం లైసెన్స్ పరంగా నిజంగానే కష్టం. మొదటి రోజునే ఆ ఆలోచన ఉంటే మాత్రం అంత ఖర్చు కాదు.

"కుదరదు" అనే మాటను నేను ఒప్పుకోను, ఎందుకంటే చేసినవాళ్లు కళ్లముందే ఉన్నారు. నాకౌట్ సిటీ 2023 జూన్‌లో మూతపడే ముందు, ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే పీసీ వెర్షన్ ఇచ్చి వెళ్లింది. గ్రాన్ టురిస్మో స్పోర్ట్ సర్వర్లు 2024 జనవరి 31న ఆగాయి, అంతకుముందే అప్‌డేట్ ఇచ్చి సింగిల్ ప్లేయర్ భాగం ఆఫ్‌లైన్‌లో నడిచేలా చేశారు. రెడ్‌ఫాల్ గేమ్ చేసిన స్టూడియోనే మూసేశారు, అయినా 2024 మేలో చివరి అప్‌డేట్‌గా ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది. ద క్రూకి కంపెనీ చేయని పనిని అభిమానులు చేశారు, సర్వర్‌ని అనుకరించే ప్రోగ్రామ్ రాసి 2025 సెప్టెంబర్‌లో విడుదల చేశారు.

స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం అడుగుతున్నదీ ఇంతే. సర్వర్లు ఎప్పటికీ నడపమని ఎవరూ అనడం లేదు, ఆపేటప్పుడు ఆడుకునే స్థితిలో వదిలివెళ్లమంటున్నారు. యూరప్‌లో ఆ పిటిషన్‌కి కావాల్సిన 10 లక్షల సంతకాలు 2025 జూలైలోనే దాటాయి. కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, మీరు కొనేది లైసెన్స్ మాత్రమే అని అమ్మేటప్పుడు స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ కార్ట్‌లో ఆ మాట ఇప్పుడు కనిపిస్తుంది, చూడండి. చెప్పడం మంచిదే కానీ, చెప్పినంత మాత్రాన గేమ్ బతకదు. నిత్యం నెట్ కావాల్సిన గేమ్‌ని అద్దె ఇల్లు అనుకుని, ఆ లెక్కనే ధర కట్టండి. పూర్తి ధర పెట్టొద్దు.

సేవ్_స్లాట్_7

చాలా థ్యాంక్స్ అండి. మరి డీఆర్ఎం లేకుండా గేములు అమ్మే జీఓజీ స్టోర్‌లో కొంటే ఈ పరీక్షలన్నీ అక్కర్లేదా? అక్కడి ఫైళ్లు దాచుకోవడం ఎలా?

పింగ్_తక్కువ

చాలావరకు అక్కర్లేదు. పూర్తిగా కళ్లు మూసుకోవద్దు కూడా. హిట్‌మ్యాన్ గేమ్‌లో చాలా అన్‌లాక్‌లకు నెట్ కావాల్సి రావడంతో కొన్నవాళ్లు గోల చేశారు, 2021 అక్టోబర్‌లో జీఓజీ దాన్ని తీసేసింది.

దాచుకోవాలంటే జీఓజీ వాళ్ల గెలాక్సీ యాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. బ్రౌజర్‌లో మీ లైబ్రరీ తెరిచి, గేమ్ మీద నొక్కి, ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లు దించండి. ఒక సెటప్ ఫైల్, దాని వెనక 4 జీబీ దాకా ఉండే బిన్ ముక్కలు వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్క ముక్క తగ్గినా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది. డీఎల్‌సీ (గేమ్‌కి అదనపు భాగాలు) ఇన్‌స్టాలర్లు విడిగా ఉంటాయి, ఎక్కువమంది మర్చిపోయేది అవే. మామూలు హార్డ్ డిస్క్‌లో పెట్టండి. కరెంట్ లేకుండా ఏళ్లతరబడి అల్మారాలో పడేస్తే ఎస్ఎస్‌డీలో డేటా చెడిపోవచ్చు. దించాక నెట్ ఆపి ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి.

స్టీమ్‌లో కూడా తాళం లేని గేములు బోలెడు. ఉదాహరణకి బాల్డర్స్ గేట్ 3. స్టీమ్ యాప్స్‌లోని కామన్ ఫోల్డర్ నుంచి గేమ్ ఫోల్డర్‌ని స్టీమ్ లేని ఇంకో పీసీకి కాపీ చేసి, లోపలి బిన్ ఫోల్డర్‌లో ఉన్న ఈఎక్స్ఈ నేరుగా తెరిస్తే నడుస్తుంది. ఇలాంటి గేముల జాబితా పీసీ గేమింగ్ వికీలో ఉంది.

సేవ్‌లు చాలావరకు గేమ్ ఫోల్డర్‌లో ఉండవు. డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్, సేవ్డ్ గేమ్స్, యాప్ డేటాలోని లోకల్, లోకల్ లో, రోమింగ్, స్టీమ్‌లోని యూజర్ డేటా వెతకండి. ఏ గేమ్‌కి ఎక్కడో ఆ వికీలోనే ఉంటుంది. పాత సేవ్ తిరిగి పెట్టేటప్పుడు ఆ గేమ్‌కి స్టీమ్ క్లౌడ్ ముందే ఆపేయండి, లేకపోతే క్లౌడ్‌లో ఉన్నది దాని మీద పడి చెరిపేస్తుంది.

లాబీ_లీడర్

ఫోన్ గేములకి ఈ పద్ధతులేవీ పనిచేయవని కూడా రాయండి, ఇక్కడ ఎక్కువమంది ఆడేది అవే. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్ 2న నిషేధించారు, అక్టోబర్ 30న మన దేశంలో సర్వర్లు ఆగాయి. 2021 జూలైలో దాని భారత వెర్షన్ బీజీఎంఐ వచ్చి పాత అకౌంట్ మార్చుకోనిచ్చింది, అదీ గడువులోపు చేసుకున్నవాళ్లకే. 2022 జూలైలో మళ్లీ స్టోర్ల నుంచి పోయి 2023 మేలో తిరిగొచ్చింది. గెస్ట్ అకౌంట్ మీద స్కిన్లు కొనొద్దు, ఫోన్ రీసెట్ అయితే దిక్కుండదు. కనీసం రెండు లాగిన్లు లింక్ చేసి పెట్టుకోండి. యూసీ (గేమ్‌లో వాడే డబ్బు) కూడా ఆ రోజు అవసరమైనంతే వేయించుకోండి, నిల్వ పెట్టొద్దు.