చర్చ: మా పిల్లలు చదివే సైన్స్ ఫిక్షన్‌లో సైన్సు ఎక్కడుంది?

మర్రిపాలెం నాన్న:
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఇంట్లో ఉన్న కాసేపూ చేతిలో ఇంగ్లీషు నవలే. హంగర్ గేమ్స్ మూడు భాగాలూ అయ్యాయి, డైవర్జెంట్ అయింది, ఇప్పుడు మేజ్ రన్నర్ నడుస్తోంది. సైన్స్ ఫిక్షన్ అంటోంది కదా, ఫిజిక్స్‌కి ఏమైనా పనికొస్తుందేమో అని నేనూ ఒకటి పట్టుకున్నాను. సైన్సు మందుకైనా లేదు. పిల్లలు పిల్లల్ని చంపుకోవడం, మధ్యలో ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలు. నేను జూల్స్ వెర్న్ చదివి పెరిగినవాణ్ని. మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపలికి దిగితే ఇప్పటికీ ఆయన నవల్లో జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమోయే గుర్తొస్తాడు. తిట్టడానికి కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నా. వీటిలో పిల్లలకి అంతగా ఏం కనిపిస్తోంది? చదివినవాళ్ళు చెప్పండి. చదవనివాళ్ళు ఎలాగూ చెబుతారు.

ఉక్కునగరం రిటైర్డ్:
ఏటుంటాదండీ, అమ్మకం ఉంటాది. కుర్రాళ్ళ కోసం రాయడమంటే అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత హైన్‌లైన్ రాసినట్టు రాయాలి. 1947 నుంచి 1958 దాకా ఏడాదికొకటి చొప్పున పన్నెండు రాశాడు. ఆఖరిదాన్లో కుర్రాడికి సబ్బు కంపెనీ పోటీలో వాడేసిన స్పేస్ సూట్ బహుమతిగా వస్తాది. దాన్ని ముక్కముక్కా విప్పి బాగుచేస్తాడు. ఆక్సిజన్ ఎంత, ఒత్తిడి ఎంత, అన్నీ లెక్కలే. అది చదివినోడికి స్పానర్ పట్టుకోవాలనిపిస్తాది. ఇప్పటి పుస్తకాలు చదివితే విల్లు పట్టుకోవాలనిపిస్తాది, అంతే తేడా.

సిరిపురం చదువరి:
మర్రిపాలెం గారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను, ముప్పై దాటాయి, ఇప్పటికీ ఇవే చదువుతాను. అంచేత ఇది నా కేసు కూడా.

మీరు చదివినవాటిలో పిల్లల వయసు చూశారా? డైవర్జెంట్‌లో పదహారేళ్ళకి పరీక్ష పెడతారు, ఐదు వర్గాల్లో ఒకటి ఎంచుకోవాలి, తర్వాత వెనక్కి రావడం లేదు. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 2005లో రాసిన అగ్లీస్‌లో పదహారేళ్ళు నిండగానే ఆపరేషన్ చేసి అందరినీ అందగాళ్ళని చేసేస్తారు. లోయిస్ లౌరీ 1993లో రాసిన ద గివర్‌లో పన్నెండేళ్ళకి సభ పెట్టి, నువ్వు ఈ పని చేస్తావు అని అప్పగిస్తారు. అన్నిట్లోనూ పెద్దవాళ్ళు ఒక రోజు పెట్టుకుంటారు. ఆ రోజు పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎవరెక్కడో తేల్చేస్తారు.

ఇప్పుడు మన ఊరు చూడండి. టెన్త్ రిజల్ట్స్ వస్తాయి. కాలేజీల పీఆర్వోలు అంతకుముందే ఇంటికి వచ్చి వెళ్ళి ఉంటారు. జూన్ కల్లా గ్రూపు, కాలేజీ, సెక్షన్ అన్నీ ఖాయం. వారం వారం పరీక్ష, ఆ తర్వాత నోటీసు బోర్డు మీద లిస్టు. కింది బ్యాచ్‌లోకి దిగితే లెక్చరర్ మారతాడు, పక్కన కూర్చునే స్నేహితురాలు మారుతుంది, మధ్యాహ్నం డబ్బా పంచుకునే మనిషి కూడా మారుతుంది. నేనిదంతా అనుభవించినదాన్నే. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం.

సైన్సు లేదన్నారు. సైన్స్ ఫిక్షన్‌కి రాకెట్టు ఉండి తీరాలని ఎవరూ అనలేదు. ఒక్క నియమం మార్చి, మనుషులు ఎలా కదులుతారో చూడటం కూడా ప్రయోగమే. హంగర్ గేమ్స్ మొదట్లో ఓ నియమం ఉంది, గమనించారా? ఆ చంపుకునే ఆటకి పిల్లల్ని లాటరీ తీసి ఎంచుతారు. పన్నెండేళ్ళకి ఆ లాటరీలో నీ పేరు ఒకసారి వేస్తారు. ఏడాదికి ఒకటి చొప్పున పెరుగుతుంది, తీసేయడం ఉండదు. ఇంట్లో తిండి లేకపోతే, ఇంకో చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడా గింజలూ నూనే ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేయించుకోవచ్చు. కథానాయిక కాట్నిస్‌కి పదహారేళ్ళు కాబట్టి మామూలు చీటీలు 5. తనకీ అమ్మకీ చెల్లికీ కలిపి ఏడాదికి 3 చొప్పున ఐదేళ్ళకి 15. మొత్తం 20. ఊళ్ళో మేయర్ గారమ్మాయికి ఈ బాధ లేదు. లాటరీ ఒకటే, చీటీలే వేరు. పేదవాడి ప్రాణాన్ని రేషన్ సరుకుతో కొనడం ఎలాగో రచయిత్రి సుజాన్ కాలిన్స్ రెండు పేజీల్లో చెప్పేసింది. పదహారేళ్ళ పిల్ల దీన్ని చటుక్కున పట్టేస్తుంది. మనకి మాత్రం విల్లూ బాణాలే కనిపిస్తాయి.

ఉక్కునగరం రిటైర్డ్:
అది ఎకనామిక్స్ తల్లీ, సైన్సు కాదు. సరే, మంచి ఎకనామిక్సే. అయినా మీరు పెద్దయ్యారు కదా, ఇంకా ఇవెందుకు?

సిరిపురం చదువరి:
నేనొక్కదాన్నే కాదు అంకుల్. 2012లో బౌకర్ సంస్థ అమెరికాలో సర్వే చేస్తే టీనేజి పిల్లల కోసం రాసిన పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం పద్దెనిమిదీ ఆ పైన వయసువాళ్ళే. లిస్టులో పేరు వెతుక్కోవడం ఉద్యోగంలో చేరాక మాత్రం ఆగుతుందా ఏంటి.

డాబాగార్డెన్స్:
ఇంత పొగడాలా? 2008లో హంగర్ గేమ్స్ హిట్టయింది, ఆ తర్వాత అందరూ అదే అచ్చు గుద్దారు. ఓ నియంత, ఓ పరీక్ష, ‘అందరిలాంటిది కాని’ ఓ అమ్మాయి. డైవర్జెంట్ సంగతే తీసుకోండి. ధైర్యం, త్యాగం, తెలివి, నిజాయితీ, శాంతి, మనిషికి ఒక్కటే గుణమట! మా రెండో క్లాసు పాప కూడా నవ్వుతుంది. జనానికి ఎంత మొహం మొత్తిందంటే 2016లో మూడో సినిమా బోల్తా పడ్డాక నాలుగోది తీయనే లేదు.

సిరిపురం చదువరి:
ఆ లోకం కట్టడంలో బలం లేదన్నది నిజమే. మీ పాప ఐదు వర్గాలంటే నవ్వుతుంది. ఎంపీసీ, బైపీసీ అంటే నవ్వుతుందా?

ఎంవీపీ తెలుగు మాస్టారు:
ఇదంతా మనకి కొత్తా? ఏకచక్రపురంలో బకాసురుడికి వంతు ప్రకారం ఇంటికో మనిషిని, బండెడు అన్నాన్ని పంపలేదూ? వంతు వచ్చిన బ్రాహ్మడి ఇంట్లో నేను వెళతానంటే నేను వెళతానని ఏడుస్తుంటే కుంతి వింటుంది. ఆదిపర్వంలో అంతకన్నా కరిగించే ఘట్టాలు తక్కువ. హంగర్ గేమ్స్ రచయిత్రి కూడా తనకి ప్రేరణ గ్రీకుల మినటార్ కథ అనే చెప్పింది. ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు ఆ రాక్షసుడికి ఆహారం. మన ఇంట్లో ఉన్నదాన్ని పక్కింటి నుంచి డబ్బులిచ్చి తెచ్చుకోవడం దేనికి?

బీచ్‌రోడ్ బ్యాచ్:
మాస్టారూ, బకాసురుడి పాయింట్ అదిరింది. కానీ అక్కడ భీముడొస్తాడు. ఇక్కడ రాడు, అదే కిక్కు. (హంగర్ గేమ్స్ మూడో భాగం చదవనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) నియంత ఓడిపోయాక తిరగబడ్డవాళ్ళ నాయకురాలే, ఓడినవాళ్ళ పిల్లలతో ఇంకోసారి ఆట ఆడిద్దాం అంటుంది. అప్పుడు కాట్నిస్ బాణం ఎటు తిరుగుతుందో చూడాలి. నేను ఇంటర్‌లో అర్ధరాత్రి రెండింటికి అది చదివి నిద్రపోలేదు. భీముడు బకుణ్ణి చంపి కుర్చీ ఎక్కితే ఏంటి అని మన కథ అడగదు.

ఎంవీపీ తెలుగు మాస్టారు:
భారతంలో కుర్చీ ఎక్కాక ధర్మరాజు పడే వేదన శాంతిపర్వమంతా ఉంది నాయనా, చదివితే కనిపిస్తుంది. అయినా నీ ప్రశ్న బావుంది. అలాంటిది తెలుగులో రాయొచ్చుగా?

బీచ్‌రోడ్ బ్యాచ్:
ఎవరు చదువుతారు మాస్టారూ? ఇంటర్‌లో మా సెక్షన్ మొత్తం సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మార్కులొస్తాయని కాలేజీయే పెట్టించింది. పదహారేళ్ళకి తెలుగు చదవడం ఆపేసినవాళ్ళకి పదహారేళ్ళ కథ తెలుగులో రాస్తే కొనేది మీరొక్కరే.

గోపాలపట్నం అమ్మ:
నాకు సాహిత్యం తెలీదు, ఒక్కమాట చెప్పి వెళ్ళిపోతా. 2020లో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన తెల్లవారుజామున మావాణ్ణి లాక్కుని పరుగెత్తాను. వాడికప్పుడు పదేళ్ళు. దార్లో పడిపోయిన ఆవుల్ని చూశాడు. ఇప్పుడు వాడు చదివేవన్నీ ఊళ్ళు పాడైపోయిన కథలే. వద్దురా, మనసు పాడవుతుంది అన్నాను. ‘ఇందులో ఎందుకిలా అయిందో వాళ్ళు వెతుకుతారమ్మా’ అన్నాడు. మా ఇంట్లో ఆ రోజు గురించి మేమెవరం మాట్లాడం. మంచిదో చెడ్డదో నాకు తెలీదు గానీ పుస్తకం మాత్రం లాక్కోలేదు.

డాబాగార్డెన్స్:
అమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు. కథలు ఒకే అచ్చు అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను.

మర్రిపాలెం నాన్న:
నిన్న రాత్రి అమ్మాయిని చీటీల సంగతి అడిగాను. ‘కాట్నిస్‌వి కాదు నాన్నా, తన ఫ్రెండ్ గేల్‌వి చూడు’ అని రఫ్ నోట్సు వెనక లెక్కేసింది. పద్దెనిమిదేళ్ళు కాబట్టి మామూలువి 7, ఇంట్లో ఐదుగురికి ఏడేళ్ళు, 35. మొత్తం 42. తర్వాత తనంతట తనే, సెక్షన్ మారి మూడు వారాలైందని చెప్పింది. మాకు తెలీదు.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. సైన్సు లేని దాన్ని సైన్స్ ఫిక్షన్ అనడం నాకింకా మింగుడుపడదు. మేజ్ రన్నర్ రెండో భాగం పరీక్షలయ్యాకే. రిటైర్డ్ గారూ, ఆ స్పేస్ సూట్ నవల మీ దగ్గర ఉందా?

ఉక్కునగరం రిటైర్డ్:
ఉంది. అట్ట ఊడిపోయింది, పేజీలన్నీ ఉన్నాయి. ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గరికి వస్తాను, అమ్మాయిని కూడా తీసుకురండి. బదులుగా ఆ లాటరీ పుస్తకం నాకివ్వండి. పుస్తకం తిరిగిచ్చేయాలి సుమండీ, పోయినసారి ఒకాయన పట్టుకెళ్ళి మళ్ళీ కనబడలేదు.