జర్నలిజం మాస్టర్స్‌కి డెన్మార్క్: కంట్రిబ్యూటర్ అనుభవం లెక్కలోకి వస్తుందా?

యార్డు విలేకరి, గుంటూరు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. నాగార్జున యూనివర్సిటీలో బీకాం చేసి, ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్‌గా మిర్చి యార్డు వార్తలు రాస్తున్నాను. జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బులే. యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండుస్ జర్నలిజం కోర్సు గురించి విన్నప్పట్నుంచీ మనసు అటే లాగుతోంది. తంటా ఏంటంటే నా వార్తలకి పేరుండదు, అన్నీ తెలుగే. అనుభవం ఉందని ఎలా చూపించాలి? పొలం తాకట్టు పెట్టి చదివేదైతే వద్దని నాన్న ముందే తేల్చేశారు.

బెజవాడ డెస్కు:
తమ్ముడూ, నేను విజయవాడలో సబ్ ఎడిటర్‌గా చేసి ఇదే కోర్సుకి వచ్చాను. మొదటి ఏడాది అందరూ డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లోనే. రెండో ఏడాది ఎంచుకున్న స్పెషలైజేషన్‌ని బట్టి ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, లండన్ లాంటి చోట్లకి. నేను ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నా.

ముందు నాన్నగారి సంగతి. ఎరాస్మస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, పైగా నెలకి 1400 యూరోలు, 24 నెలలు. అంటే మన లెక్కలో నెలకి లక్ష పైమాటే. స్కాలర్‌షిప్ లేకుండా సీటొక్కటే వస్తే, నీ పరిస్థితిలో నేనైతే రాను. ఆ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పేయి, గొడవ సగం తగ్గుతుంది.

పేరు లేకపోవడం అంటావా, డెస్కులో నాకు అసలు వార్తే లేదు, ఒకరు రాసింది దిద్దడమే! బ్యూరో ఇన్‌ఛార్జి లెటర్, లైన్ అకౌంట్ పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, నాలుగైదు క్లిప్పింగులకి నువ్వే చేసిన ఇంగ్లిష్ అనువాదం పెట్టుకో.

అసలు పని మోటివేషన్ లెటర్‌ది, అంటే ఈ కోర్సు నీకెందుకో చెప్పే ఉత్తరం. ‘చిన్నప్పట్నుంచీ జర్నలిజం అంటే ప్రాణం’ అని మొదలుపెట్టావో, చదివేవాళ్లు పక్కన పడేస్తారు. నేను 2024 సెప్టెంబరు బుడమేరు వరద రాశాను. సింగ్‌నగర్ నీళ్లలో ఉంది, ఒక్కో కంట్రిబ్యూటరు ఫోన్లో ఒక్కో మృతుల సంఖ్య చెప్తున్నాడు, సిటీ ఎడిషన్ వదిలే టైమైంది. ఏ సంఖ్య వేశాం, ఎందుకు వేశాం, అంతే రాశా. నీ దగ్గర అంతకన్నా మంచి సరుకుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించినప్పుడు నువ్వు యార్డులోనే ఉండి ఉంటావుగా? తేజ రకం మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు. అక్కడ కొనుగోళ్లు తగ్గితే ఇక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకి పోతాయి. కోర్సు పేరులోనే గ్లోబలైజేషన్ ఉంది నాయనా, నువ్వు రోజూ దాని మధ్యలో నిలబడి తుమ్ముతున్నావు.

పాత ఎడిషన్ ఇన్‌ఛార్జి:
అంతా బాగుందమ్మా. చదివొచ్చాక ఆ చదువుకి తగ్గ జీతం ఇక్కడ ఏ పత్రిక ఇస్తుంది?

బెజవాడ డెస్కు:
ఏదీ ఇవ్వదు సార్, నిజమే. నేనూ మళ్లీ జిల్లా పేజీకి వస్తానని అనుకోవడం లేదు. ఇంకోటి కూడా చెప్పాలి: కెమెరా, యాంకరింగ్ నేర్పుతారని వస్తే నిరాశే. మొదటి ఏడాది ఎక్కువగా థియరీ, రిసెర్చ్ పద్ధతులు. డిసెంబరులో నాలుగు కొట్టకముందే చీకటి పడుతుంది, చదవడానికి తప్ప పనేం ఉండదు లెండి.

మంగళగిరి నుంచి:
తమ్ముడు జర్మనీలోని బాన్‌లో డాయిచ వెల్లె (జర్మనీ ప్రసార సంస్థ) అకాడమీ వాళ్ల ఇంటర్నేషనల్ మీడియా స్టడీస్ మాస్టర్స్ కూడా చూడొచ్చు, నాలుగు సెమిస్టర్లు. కాకపోతే స్కాలర్‌షిప్ లేకపోతే జర్మనీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. నాన్నగారికి ఆ అంకె ఇప్పుడే చెప్పకు.

యార్డు విలేకరి, గుంటూరు:
అక్కా, ఆదివారం యార్డు సెలవు కదా, ఆ రోజే లెటర్ అడుగుతా. మా ఇన్‌ఛార్జి ఇంగ్లిష్‌లో రాయడానికి మొహమాటపడతారేమో.

బెజవాడ డెస్కు:
నువ్వే టైపు చేసి తీసుకెళ్లు, ఆయన చదివి సంతకం, స్టాంపు వేస్తే చాలు. ఏ తేదీ నుంచి రాస్తున్నావో, ఏ బీటో అందులో పడాలి. దరఖాస్తు గడువు జనవరిలోనే ఉంటుంది, కొత్త కాయ యార్డుకొచ్చే రోజులు. అప్పుడు నీకు ఊపిరాడదు, దసరాకే పని ముగించుకో.