ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలా, మార్చుకోవాలా? కాపురంలో డబ్బు, తాగుడు, "సర్దుకుపో" మీద చర్చ

చర్చ నిర్వహణ

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. అందుకే మొగుడైనా పెళ్లామైనా ఎలా ఉన్నారో అలా ఒప్పుకోవడమే మేలని కొందరి వాదన. ఒప్పుకుంటూ పోతే చివరికి ఒకరు నోరు మూసుకుని బతకాల్సి వస్తుందని మిగతావాళ్ల వాదన. గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ అనుకుందాం. పెళ్లయి ఆరేళ్లు, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, ఒక పాప. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 80 వేలు. అతను ఎవరడిగినా లేదనలేడు. తమ్ముడికి, మేనమామకి, ఊళ్లో స్నేహితుడికి పంపుతూనే ఉంటాడు, ఇంట్లో చెప్పడు. ఆమె ప్రతి రూపాయికీ లెక్క రాసే మనిషి. రాత్రి తొమ్మిదిన్నరకి అతని ఫోన్లో 12 వేలు కట్ అయినట్టు మెసేజ్ ఆమె కంటపడింది. ఇక్కడ ఎవరు ఏం ఒప్పుకోవాలి, ఎవరు ఏం మారాలి? సొంత కథలు వద్దు. ఈ పనిలో ఉన్నవాళ్లు పనికొచ్చే మాట చెప్పండి.

మానేరు (ఫ్యామిలీ కౌన్సెలర్)

నేను ఒప్పుకోలు వైపు. 1970ల్లో అమెరికాలో దంపతుల కౌన్సెలింగ్ అంటే ఎక్కువగా ఒప్పందాలే. నువ్వు ఇది చెయ్యి, నేను అది చేస్తాను అని రాసుకోవడం. కొందరికి పనిచేసింది. కొందరు కోలుకున్నట్టే కోలుకుని ఒకటి రెండేళ్లలో మళ్లీ మొదటికొచ్చారు. ఆ పద్ధతిలో పండిపోయిన నీల్ జేకబ్‌సన్, ఆండ్రూ క్రిస్టెన్‌సన్ ఇద్దరే దాని లోటు గమనించి, ఒప్పుకోలుని మధ్యలో పెట్టి ఇంకో పద్ధతి తయారుచేశారు. లాస్ ఏంజిలస్, సియాటిల్‌లలో బాగా చెడిపోయిన 134 కాపురాల మీద రెండు పద్ధతులనీ పక్కపక్కన పరీక్షించారు. ఒక్కో జంటకి గరిష్ఠంగా 26 సిట్టింగులు. రెండేళ్ల తర్వాత చూస్తే ఒప్పుకోలు పద్ధతిలో 69 శాతం, పాత పద్ధతిలో 60 శాతం జంటలు మెరుగ్గా ఉన్నాయి.

ఇక మన ఉదాహరణ. మెసేజ్ చూడగానే ఆమె "మళ్లీ ఎవరికి పంపావ్?" అంటుంది. అతను "వాడు నా తమ్ముడు" అని ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోతాడు. ఆమె వెనకే వెళ్లి గొంతు పెంచుతుంది. అతను మూగనోము పడతాడు. ఆమె నిలదీసే కొద్దీ అతను దాస్తాడు, అతను దాచే కొద్దీ ఆమె నిలదీస్తుంది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఇద్దరూ ఎదుటివాళ్లనే చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఈ పద్ధతిలో నాలుగు విషయాలు విడదీసి చూస్తారు. మొదటిది స్వభావంలో తేడా: ఒకరిది ఇచ్చే చెయ్యి, ఒకరిది దాచే చెయ్యి. రెండోది పాత గాయం. ఆమె చిన్నప్పుడు అప్పులవాళ్లు తలుపు కొడితే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అనేవారనుకోండి. ఖాళీ అకౌంట్ చూస్తే ఆమెకి ఆ తలుపు చప్పుడే వినబడుతుంది. అతని చదువు ఊళ్లో నలుగురూ తలా కొంత వేస్తే సాగిందనుకోండి. లేదనడం అతనికి ద్రోహంలా ఉంటుంది. మూడోది బయటి ఒత్తిడి: అద్దె, స్కూలు ఫీజు, ఊళ్లో పెళ్లిళ్లు. నాలుగోది ఈ మూడూ కలిసి రాత్రి తొమ్మిదిన్నరకి ఆడించే ఆట, అంటే పైన చెప్పిన బాల్కనీ సీను.

ఒప్పుకోవాల్సింది ఆ మొదటి రెండింటినీ. అతన్ని లోభిగా మార్చలేం, ఆమెని దుబారా మనిషిగా మార్చలేం. నాలుగోది మాత్రం మారుతుంది. ఎలాగంటే, గొడవ జరిగిన రాత్రి కాకుండా రెండు మూడు రోజులాగి, పాప నిద్రపోయాక, ఇరవై నిమిషాలు కూర్చోవాలి. "నువ్వు", "నేను" పక్కనపెట్టి, జరిగింది సినిమా చూసి చెబుతున్నట్టు వరసగా చెప్పుకోవాలి: మెసేజ్ వచ్చింది, ప్రశ్న వచ్చింది, బాల్కనీ తలుపు పడింది. ఆ తర్వాత లోపలి మాట. "నువ్వు మీవాళ్ల కోసమే పుట్టావ్" అన్నది పై మాట. "నెలాఖరున బ్యాలెన్స్ చూస్తే నాకు భయమేస్తుంది" అన్నది లోపలి మాట. మొదటిదానికి ఎదురుదాడి వస్తుంది. రెండోదానికి చాలాసార్లు మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇక్కడ చెడగొట్టేది ఒకటుంది. ఆ ఆటకి "బాల్కనీ" అని ఇద్దరూ కలిసి ఒక పేరు పెట్టుకుంటారు, మంచిదే. వారం తిరక్కుండా ఒకరు దాన్నే కర్రలా వాడతారు: "చూశావా, మళ్లీ బాల్కనీ మొదలుపెట్టావ్!" ఆ క్షణంలో పద్ధతి చచ్చిపోతుంది. పేరు ఎప్పుడూ తన వంతు చెప్పడానికే వాడాలి: "నేను మళ్లీ బాల్కనీకి పోతున్నాను, పది నిమిషాల్లో వస్తా."

పెన్నాతీరం (సైకాలజీ అధ్యాపకుడు)

మానేరు గారూ, లెక్క సగంలో ఆపేశారు. అదే పరిశోధన ఐదేళ్ల దాకా సాగింది. ఐదేళ్లకి మెరుగ్గా ఉన్నవి మీ పద్ధతిలో 50 శాతం, పాత పద్ధతిలో 46. విడిపోయినవి 26, 28. తేడా దాదాపు చెరిగిపోయింది. అంటే మార్పు అడిగినవాళ్లూ ఒప్పుకున్నవాళ్లూ దగ్గరదగ్గర ఒక్కచోటే తేలారు. ఒప్పుకోలు గెలిచిందని దీన్నిబట్టి అనలేం.

ఇంకోటి. న్యూజీలాండ్‌లో నికోలా ఓవరాల్ బృందం జంటలని కూర్చోబెట్టి, ఎదుటివాళ్లలో మారాలనుకున్న విషయం మాట్లాడమని వీడియో తీసి, ఏడాది పాటు గమనించింది. 2009లో ప్రచురించారు. ముఖం మీద సూటిగా అడిగినవాళ్లకి ఆ రోజు ఫలితం బాగున్నట్టు అనిపించలేదు. కానీ ఏడాదిలో ఎక్కువ మార్పు వచ్చింది వాళ్ల దగ్గరే. నొప్పించకుండా చుట్టూ తిప్పి చెప్పినవాళ్లకి ఆ పూట బాగానే గడిచింది, మార్పు మాత్రం ఆ స్థాయిలో రాలేదు. మన ఇళ్లలో ఈ రెండో రకమే ఎక్కువ. నవ్వుతూ దెప్పడం, పిల్లల మీద పెట్టి అనడం, అత్తగారికి చెబుతూ మొగుడికి వినిపించడం.

అడగడం తప్పు కాదు, అడిగే తీరులోనే తప్పు. "నీకు బాధ్యత లేదు" అన్నది మనిషి మీద తీర్పు. దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. "ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి అరగంట ఇద్దరం అకౌంట్ చూద్దాం" అన్నది చెయ్యగలిగే పని. ఒకసారికి ఒకే పని, ఎప్పుడో ఎంతసేపో చెప్పి, నాలుగు వారాల గడువు. వాళ్లు చేశాక "ఇప్పటికి బుద్ధొచ్చిందా" అన్నారంటే అయిపోయింది. చేసినందుకు శిక్ష పడింది కాబట్టి ఐదో వారం చెయ్యరు. నిజానికి మార్పు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొండితనమని పేరు పెడతాం గానీ, చూస్తే ముందు వారం ఒక ఎత్తిపొడుపు ఉంటుంది.

మానేరు

అంకె మీరు చెప్పిందే సరైనది. కానీ ఒకటి ఆలోచించండి. జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త సియాటిల్‌లో ఏళ్ల తరబడి దంపతులని గమనించి, వాళ్ల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివేనని తేల్చారు. స్వభావంలో తేడా వల్ల పుట్టినవి. శనివారం లెక్కలు చూసినంత మాత్రాన ఇచ్చే చెయ్యి ఆగదు. ఆ తేడాతో కాపురం చేయడం ఎలాగో కూడా నేర్పాలి కదా?

ఒత్తిడి తగ్గితే మార్పు అదే వస్తుందన్నది మా అనుభవం.

పెన్నాతీరం

ఆ ఆఖరి వాక్యంతోనే నాకు పేచీ. "ఒప్పుకోండి, తనే మారతాడు" అంటే మళ్లీ మార్పునే ఆశపెట్టి అమ్ముతున్నారు. ఆమె మూడు వారాలు ఏమీ అనకుండా ఉంటుంది, లోపల లెక్క పెడుతూనే ఉంటుంది. నాలుగో వారం ఇంకో ఐదు వేలు పోతాయి. "ఇంత ఒప్పుకున్నా నువ్వు మారలేదు" అని విరుచుకుపడుతుంది. అది ఒప్పుకోలు కాదు, మార్పుకి కట్టిన అడ్వాన్సు. మారకపోయినా సరే అనుకోగలిగిన చోటే ఆ మాట వాడండి.

లాయరమ్మ (ఫ్యామిలీ కోర్టు)

ఇద్దరూ ఇంట్లో నలుగురి మాట వదిలేశారు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకి "ఒప్పుకోలు" అన్నది పాశ్చాత్య పద్ధతిగా చేరదు. పుట్టింట్లో ఒకసారి, అత్తింట్లో ఒకసారి, స్టేషన్‌లో ఒకసారి "సర్దుకుపోమ్మా"గా చేరుతుంది. ఒకరే ఒప్పుకుంటే దానికి వేరే పేరుండాలి. అమెరికాలో జేమ్స్ మెక్‌నల్టీ 2008లో కొత్త దంపతుల మీద చేసిన పనిలో కనబడింది కూడా ఇదే: అప్పుడప్పుడూ తప్పు చేసేవాళ్లని క్షమిస్తే కాపురం బాగుంది, తరచూ నొప్పించేవాళ్లని క్షమిస్తూ పోతే కాలం గడిచే కొద్దీ సంతృప్తి తగ్గింది.

ఉదాహరణలో డబ్బు కాబట్టి గీత ఎక్కడ గీయాలో చెబుతాను. తమ్ముడికి 5 వేలు పంపడం స్వభావం, దాన్ని ఒప్పుకోవచ్చు. తమ్ముడి చిట్టీకి జామీను సంతకం మాత్రం స్వభావం కాదు, అప్పు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. తమ్ముడి మీద ముందు కేసు వేసి, అక్కడ రాకపోతేనే అన్న దగ్గరికి రావాలన్న నియమం లేదు. చిట్టీ పాడుకున్నవాడు వాయిదాలు ఆపేస్తే నోటీసు ఈ ఇంటికే వస్తుంది. కాబట్టి "ఇవ్వడం నీ ఇష్టం, సంతకం ఇద్దరి ఇష్టం" అని ముందే అనుకోవాలి.

ఆమె నగలు ఆమెకి తెలియకుండా కుదువ పెడితే అది ఒప్పుకోవాల్సిన గుణమే కాదు. స్త్రీధనం పూర్తిగా ఆమెది. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ ఆర్థిక హింసని కూడా హింసగానే లెక్కిస్తుంది, స్త్రీధనం అమ్మేయడం అందులో ఉంది. చెయ్యి చేసుకోవడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఈ చర్చే వర్తించదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112కి ఫోన్ చెయ్యాలి.

డీ-అడిక్షన్ నర్సు

తాగుడు విషయంలో "ఒప్పుకో", "మార్చు" రెండూ తప్పుగా వాడుతున్నారు. మొదట ప్రాణం పోయే సంగతి. మందు మానిపిస్తుందని ఏదో పొడి, లేదా డైసల్ఫిరామ్ బిళ్ల నూరి, చెప్పకుండా సాంబార్లోనో మజ్జిగలోనో కలుపుతున్నారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోతుంది. మనిషి పోవచ్చు కూడా. ఇది మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి ఇచ్చే మందు.

రెండోది, రోజూ ఎక్కువ తాగేవాళ్లని ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా ఆపించడం. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచే వణుకు మొదలవ్వొచ్చు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండో మూడో రోజున మతి తప్పి లేనివి కనబడితే అది ఎమర్జెన్సీ. ఆస్పత్రి పర్యవేక్షణలోనే ఆపాలి.

మరి ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి? రాబర్ట్ మేయర్స్ తయారుచేసిన పద్ధతి ఒకటుంది, అది తాగేవాళ్లకి కాకుండా వాళ్ల ఇంటివాళ్లకి నేర్పేది. 1999లో వచ్చిన ఒక పోలికలో, ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 64 శాతం మంది తమవాళ్లని చికిత్సకి తేగలిగారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతం. పని చిన్నదే: తాగని రోజున ఇష్టమైన కూర, కాసేపు కబుర్లు. తాగొచ్చిన రాత్రి గొడవా ఉండదు, సేవా ఉండదు. గుమ్మంలో పడితే ఊపిరాడేలా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, అంతవరకే. వాంతి కడగడం, ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పడం మానాలి. ప్రేమతో చేసే ఆ పనులే తాగుడు నష్టాన్ని అతని కంటికి కనబడకుండా దాచేస్తాయి. చికిత్స మాట ఎత్తాల్సింది తెల్లారి, తలనొప్పితో తనే విసుక్కున్న వేళ. అప్పటికి ఎక్కడికి వెళ్లాలో, ఏ రోజు ఓపీ ఉందో కనుక్కుని పెట్టుకోవాలి. ఫోన్ నంబర్లు: మానసిక ఆరోగ్య సలహాకి టెలీ మానస్ 14416, డీ-అడిక్షన్‌కి 14446.

అన్నట్టు, గురకని కూడా గుణమని ఒప్పుకోకండి. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే, పగలు తూగుతుంటే డాక్టర్‌కి చూపించాలి.

మానేరు

లాయరమ్మ గారి గీత నాకు సమ్మతమే. పెన్నాతీరం గారి "అడ్వాన్సు" మాట కూడా నిజం, మా సిట్టింగుల్లో మేమే గట్టిగా చెప్పాల్సిన మాట అది. అయితే స్వభావాన్ని ఒప్పుకోవడమంటే దాని దెబ్బని కూడా భరించమని కాదు. ఆ ఇంటికి నేనైతే ఇలా చెబుతాను. జీతం పడ్డ రోజే 6 వేలు ఒక వేరే అకౌంట్‌లోకి పోవాలి, అది అతని ఇచ్చే చెయ్యి కోసం. ఎవరికిచ్చాడని ఆమె అడగదు. అది అయిపోతే ఆ నెలకి అయిపోయినట్టే, ఎవరైనా అడిగితే "ఈ నెల అయిపోయింది, వచ్చే నెల చూద్దాం" అంటాడు. లేదనలేని మనిషికి ఆ మాట అనడం తేలిక. ఆమె పేరు మీద మూడు నెలల ఖర్చు, ఈ ఇంటికి లక్షన్నర అనుకుందాం, నెలకు కొంత చొప్పున జమ కావాలి. అది నిండే కొద్దీ మెసేజ్ చూసినప్పటి భయం తగ్గుతుంది. భయం తగ్గితే ప్రశ్న అడిగే గొంతూ తగ్గుతుంది. ఆ 6 వేలు ఆరు నెలల్లో మూడుసార్లు దాటితే అంకె తప్పు పెట్టారని అర్థం, మళ్లీ కూర్చోవాలి. దాటినది దాస్తే మాత్రం అది వేరే సమస్య, అప్పుడు పెన్నాతీరం గారు చెప్పినట్టు సూటిగా అడగాల్సిందే.

లాయరమ్మ

ఈ పని పెద్దమనుషుల ముందు పెట్టకండి. హాల్లో ఆరుగురు కుర్చీలేసుకుని కూర్చున్నాక "నాకు భయమేస్తుంది" అని ఏ కోడలూ అనదు, "నాకు సిగ్గేస్తుంది" అని ఏ కొడుకూ అనడు. ఇద్దరూ పై మాటలే మాట్లాడతారు, అవే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. మూడో మనిషి కావాలంటే ఒక్కరే, అదీ ఇద్దరూ ఒప్పుకున్నవాళ్లు, ఆ డబ్బు అందుకునే వరసలో లేనివాళ్లు.