సర్పంచ్ ఎలక్షన్‌లో ఎవరు గెలుస్తారో ముందే లెక్క కట్టొచ్చా? (పత్తికొండ సైడ్, 2150 ఓట్ల ఊరు)

ఉగ్గాని_బజ్జీ:

అందరికీ నమస్తే. మాది పత్తికొండ సైడ్ ఒక పంచాయతీ, ఓట్లు 2150 దాకా ఉంటాయి, వార్డులు 11. ఎలక్షన్లు ఎప్పుడు పెట్టినా ఈసారి సర్పంచ్‌కి నిలబడాల్సిందే అని మా మేనమామ పట్టు మీద ఉండాడు. రిజర్వేషన్ ఏమొస్తాదో ఇంకా తెలీదు, లేడీస్‌కి వస్తే మీ అత్త పేరు మీద నామినేషన్ వేస్తాం అంటాడు, అత్తను మాత్రం ఎవరూ అడగలేదనుకోండి.

పొద్దున లేస్తే ఒక పదిమంది మామ చుట్టూ రచ్చకట్ట మీద కూచుని "300 మెజార్టీ, రాసిపెట్టుకో" అంటాండారు. ఆ పదిమంది టీ బిల్లు మామదే. నాకు బెంగళూరులో జాబ్, ఎక్సెల్ కొంచెం వచ్చు కాబట్టి నన్ను లెక్క తియ్యమన్నాడు. నేనేం చేసినానంటే 2024 అసెంబ్లీకి మా ఊరి రెండు బూత్‌లలో ఏ పార్టీకి ఎన్ని పడినాయో ఫారం 20లో చూసి, మామ పార్టీకి వచ్చిన ఓట్లు తీసుకొని, దానికి మామ సొంత మంచితనం కింద ఒక 5 శాతం కలిపినా. 180 మెజార్టీ వచ్చింది. మామకు చెప్తే నువ్వు కూడా తక్కువే చెప్తాండావ్ అని మొహం మాడ్చుకున్నాడు. నాకేమో అదే ఎక్కువ అనిపిస్తాంది.

అసలు అసెంబ్లీ ఓట్లు పట్టుకొని సర్పంచ్ ఎలక్షన్ చెప్పొచ్చా? ఇది టైంపాస్ ప్రశ్న కాదన్నా, ఖర్చుకి ఒక ఎకరా అమ్మే ఆలోచనలో ఉండాడు. పార్టీల గొడవ వద్దు, లెక్క ఎట్ల చెయ్యాలో చెప్పండి చాలు.

చాక్‌పీస్_పంతులు:

నాయనా, నేను కర్నూలు జిల్లాలో హెడ్మాస్టర్‌గా చేసి రిటైర్ అయినాను, పంచాయతీ ఎలక్షన్ డ్యూటీ 1995, 2001, 2006, 2013, 2021 అన్నీ చేసినవాణ్ణి, ఒక్కటీ తప్పించుకోలేకపోయినా.

నీ లెక్కలో మొదటి తప్పు, సర్పంచ్ బ్యాలెట్ మీద పార్టీ గుర్తే ఉండదు. ఫ్యాను, సైకిలు, గాజు గ్లాసు ఏదీ ఉండదు. అభ్యర్థుల పేర్లు తెలుగు అక్షరాల వరసలో పెట్టి, ఎలక్షన్ కమిషన్ లిస్టులో ఉన్న గుర్తులు అదే వరసలో ఇస్తారు, మీ మామకు కత్తెరో ఉంగరమో ఏదొస్తే అది. అసెంబ్లీకి గుర్తు చూసి గుద్దినోడు ఇక్కడ మనిషిని చూసి గుద్దుతాడు. పైగా ఒకే పార్టీ వాళ్ళు ఇద్దరు నిలబడితే నీ 180 యాడికి పోతాదో నువ్వే చూసుకో, మన సైడ్ ఊర్లల్లో అది మామూలే కదా.

రెండోది, బూత్ వేరు వార్డు వేరు. అసెంబ్లీ ఓటర్ లిస్టునే తీసుకొని ఇళ్ళ ప్రకారం వార్డులుగా విడగొడతారు, అందుకే నీ రెండు బూత్‌ల అంకెలు 11 వార్డుల మీద కూచోవు.

ఊర్లో లెక్క చేసే పద్ధతి ఒకటే. వార్డు వారీ ఓటర్ లిస్ట్ మూడు కాపీలు తియ్యి. మూడు వేరే వేరే వీధుల మనుషులకు ఇయ్యి, ఒకరికిచ్చినట్టు ఇంకొకరికి తెలీకూడదు. రచ్చకట్ట బ్యాచ్‌కి మాత్రం ఇయ్యొద్దు. ఇంటింటికి మాకు, వాళ్ళకు, తెలీదు అని మూడే మార్కులు పెట్టమను. మూడు లిస్టులూ పక్కపక్కన పెట్టుకుంటే ముగ్గురూ ఒకే మాట చెప్పిన ఇళ్ళు ఎలక్షన్‌కి సంబంధం లేనివి, అవి అయిపోయినట్టే. ముగ్గురికీ కుదరని ఇళ్ళు ఉంటాయి చూడు, అక్కడే నీ సర్పంచ్ ఉండాడు. ఇంకో మాట, గడపలోకి వచ్చినోడికి మన ఊర్లో ఎవరూ లేదు అని చెప్పరు నాయనా, ఇంటికొస్తే మజ్జిగ ఇచ్చి నీకే అంటారు, అవతలోడికీ అదే మజ్జిగ. మీ మామ సొంతంగా అడిగి రాసుకున్న లిస్ట్ ఉంటే దాన్ని పక్కన పడెయ్.

పెన్నహోబిలం_దారి:

పంతులు సార్ చెప్పింది కరెక్ట్. నాది ఉరవకొండ, మా దగ్గర ఎలక్షన్ జోస్యం చెప్పని మనిషి ఉండడు. ఉరవకొండలో గెలిచిన పార్టీ రాష్ట్రంలో ఓడిపోతాది అని పెద్ద సెంటిమెంట్ ఉండె, 1999 నుంచి 2019 దాకా ఐదు ఎలక్షన్లూ అట్లే జరిగింది. 99లో ఇక్కడ కాంగ్రెస్ గెలిస్తే పైన టీడీపీ, 2004లో, 2009లో పయ్యావుల కేశవ్ గెలిస్తే పైన కాంగ్రెస్, 2014లో ఇక్కడ వైసీపీ గెలిస్తే పైన టీడీపీ, 2019లో మళ్ళా కేశవ్ గెలిస్తే పైన వైసీపీ. 2024లో కేశవ్ గెలిచినాడు, ప్రభుత్వమూ ఆ పార్టీదే వచ్చింది, ఏకంగా మంత్రి కూడా అయినాడు. సెంటిమెంట్ ఖతం. దాని మీద పందేలు కాసి బండి తాళాలు ఇచ్చుకున్నోళ్ళు నాకు తెలుసు. అసలు 1994లో ఆయన మొదటిసారి గెలిచినప్పుడే పైన కూడా టీడీపీ ఉండె, అది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐదుసార్లు బొమ్మా బొరుసూ వేస్తే ఐదుసార్లూ బొమ్మే పడేదానికి 32లో ఒక ఛాన్స్, రాష్ట్రంలో వందల సీట్లు ఉన్నప్పుడు యాడో ఒకచోట అట్ల పడకుండా ఉంటాదా.

పెద్ద పెద్దోళ్ళే దెబ్బతిన్నారు. ఆంధ్రా ఆక్టోపస్ అన్న లగడపాటి 2018లో తెలంగాణ, 2019లో ఏపీ రెండూ తప్పు చెప్పినాడు. 2024లో మళ్ళా వైసీపీనే అని ఒక సర్వే చెప్తే వచ్చింది 11 సీట్లు. కోట్ల ఓట్లకే దిక్కు లేదు, నీ 2150కి ఎక్సెల్ ఏం చేస్తాదప్పా.

గాలి అన్నిచోట్లా ఒకటే ఉండదు అనేదానికి తాడిపత్రి చూడు. 2021 మార్చిలో మున్సిపాలిటీలు దాదాపు అన్నీ వైసీపీ ఊడ్చేసింది, తాడిపత్రిలో మాత్రం 36 వార్డులకు టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంట్‌కి ఒకటి వచ్చినాయి. వైసీపీ ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు కూడా కలిస్తే అటూ ఇటూ సమానం, ఆ మిగిలిన ఇద్దరితోనే టీడీపీ జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయినాడు. ఒక్కొక్క ఓటు అంత బరువు.

బెట్టింగ్ మాత్రం వద్దు తమ్ముడూ. మామ గెలుస్తాడని బంధువులే పందెం కాస్తారు, రేపు తేడా వస్తే ఎలక్షన్ పోయింది కాక చుట్టరికం కూడా పోతాది.

కడప_కారందోసె:

మా కడప సంగతి కూడా ఇనండి. 2017 మార్చిలో లోకల్ బాడీస్ ఎమ్మెల్సీ ఎలక్షన్, ఓటేసేది మామూలు జనం కాదు, ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, కౌన్సిలర్లు. ఓటర్లు ఎవరో ఇంటిపేర్లతో సహా అందరికీ తెలుసు, పేపర్ మీద వైసీపీకే ఎక్కువ. అయినా వైసీపీ వివేకానంద రెడ్డి టీడీపీ బీటెక్ రవి చేతిలో నలభై లోపు ఓట్లతో ఓడిపోయినాడు. పేర్లు రాసిపెట్టుకున్న వందల ఓట్లకే లెక్క తప్పింది సామీ.

ఇంక 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక. 2024లో జగన్‌కు పులివెందుల అసెంబ్లీలో 61 వేల పైన మెజార్టీ, ఏడాది తిరిగేసరికి అదే మండలంలో జెడ్పీటీసీకి వైసీపీకి పడినవి 683 ఓట్లు, డిపాజిట్ కూడా దక్కలే, టీడీపీకి ఆరు వేల పైన మెజార్టీ. ఒంటిమిట్టలో అదే రోజు పోలింగ్, అక్కడ టీడీపీకి 12 వేల పైన, వైసీపీకి 6 వేల పైన పడినాయి. ఇది రిగ్గింగ్ అని వాళ్ళు, ముప్పై ఏండ్లకు జనం స్వేచ్ఛగా ఓటేసినారు అని వీళ్ళు, ఆ పంచాయితీ ఇక్కడ పెట్టొద్దు. నేను చెప్పేది ఒకటే, లోకల్ ఎలక్షన్‌లో ఎవరు అధికారంలో ఉండారు, ఎవరు బూత్ దగ్గర నిలబడగలరు అనేది ఏ ఎక్సెల్ కాలమ్‌లోనూ పట్టదు.

ఇంకో ఉచ్చు. 2021 పరిషత్ ఎలక్షన్ అంకెలు చూసి లెక్క వెయ్యొద్దు, అప్పుడు టీడీపీ బహిష్కరణ అనింది, చాలాచోట్ల ఏకగ్రీవాలు. పోటీనే లేని చోట ఓట్ల శాతం ఏముంటాది. ఉప ఎన్నికలూ అంతే, నంద్యాలలో 2017లో టీడీపీ 27 వేల పైన మెజార్టీతో గెలిస్తే రెండేండ్లకు 2019లో అదే సీటు వైసీపీకి పోయింది.

మీ మామ ఏకగ్రీవం ట్రై చెయ్యొచ్చు కదా? 2021లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షలు అన్నారు. ఎకరా మిగుల్తాది.

హ్యూస్టన్‌లో_అనంతపురం:

నేను అనంతపురం టౌన్, ఇప్పుడు టెక్సాస్‌లో ఉండా. ఇక్కడ కౌంటీ ఎలక్షన్లు ఉంటాయి, మన జిల్లా పరిషత్ లాంటివి అనుకోండి. కౌంటీ జడ్జ్ అని ఒక పోస్ట్ ఉంది, పేరు జడ్జే కానీ పని దాదాపు మన జెడ్పీ చైర్మన్‌ది, నాకు అది అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది.

లెక్క విషయంలో ఇక్కడ సుఖం. ఏ ఓటరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశాడో పబ్లిక్ రికార్డ్, ముందస్తు ఓటింగ్‌లో రోజూ ఎంతమంది వేశారో కౌంటీ వాళ్ళే ఇస్తారు. ఇన్ని ఉండీ 2018లో మా హారిస్ కౌంటీలో చాలామంది బోల్తా పడ్డారు. ఎడ్ ఎమ్మెట్ అని రిపబ్లికన్, వరదలప్పుడు బాగా పనిచేశాడని అవతలి పార్టీ వాళ్ళు కూడా మెచ్చుకునే మనిషి, ఆయన మీద లీనా హిడాల్గో అని 27 ఏండ్ల అమ్మాయి, అంతకుముందు ఏ పదవీ చెయ్యలేదు. ఆ అమ్మాయి సుమారు 19 వేల ఓట్లతో గెలిచింది. ఎందుకంటే అప్పట్లో బ్యాలెట్ మీద పార్టీ పేరు దగ్గర ఒక్కసారి నొక్కితే పైనుంచి కిందిదాకా ఆ పార్టీ వాళ్ళందరికీ ఓటు పడేది. ఆ ఏడు పైన డెమోక్రాట్ల గాలి, అదే కౌంటీ దాకా దిగింది. 2020 నుంచి ఆ పద్ధతి తీసేశారు.

మన సర్పంచ్ బ్యాలెట్ దీనికి పూర్తిగా తిరగేసిన కథ, పార్టీ గాలి దిగడానికి పేపర్ మీద దారే లేదు. అందుకే నాకూ పంతులు సార్ మాటే కరెక్ట్ అనిపిస్తోంది. లెక్క మొదలుపెట్టేముందు బ్యాలెట్ పేపర్ ఎట్లుంటుందో చూడాలి.

ఉగ్గాని_బజ్జీ:

రెండు వారాలైంది, అప్‌డేట్ ఇస్తాండా. @కారందోసె అన్నా, ఏకగ్రీవం అడిగినాం, అవతలోళ్ళు కూడా మమ్మల్ని అదే అడిగినారు, అక్కడికి అయిపోయింది.

పంతులు సార్ చెప్పినట్టే మూడు లిస్టులు ఇచ్చినా. ఒకటి కిరాణా కొట్టు ఆయనకు, ఒకటి ట్రాక్టర్ నడిపే మా ఫ్రెండ్‌కి. మూడోది ఎవరికియ్యాలో తెలీక ఇంట్లో పెట్టుంటే అత్త తీసుకొని పెన్సిల్‌తో పెట్టేసింది. నిజం చెప్పాలంటే అత్తది చూసినాకే నాకు ఎలక్షన్ అంటే ఏందో అర్థమైంది. డ్వాక్రా గ్రూపు లీడర్ కాబట్టి ప్రతి ఇల్లూ తెలుసు, ఎవరి కోడలు ఏ ఊరిదో, ఎవరు ఎవరితో మాట్లాడరో, అన్నీ పక్కన చిన్న అక్షరాలతో రాసింది. 38 ఇళ్ళ ముందు "సుగ్గి" అని రాసి గీత కొట్టింది. గుంటూరు సైడ్ మిరపకాయలు కోసేదానికి పోయినారంట, ఉగాదికి గానీ రారంట. ఎలక్షన్ ఫిబ్రవరిలో పెడితే ఆ ఓట్లు ఊర్లోనే ఉండవు, నా ఎక్సెల్‌లో మాత్రం వాళ్ళంతా క్యూలో నిలబడి ఉండారు.

కూడితే ముగ్గురూ మాకే అన్నవి 640 ఓట్లు, ముగ్గురూ వాళ్ళకే అన్నవి 690. మిగిలినవి కుదరనివి, సుగ్గి పోయినవి, ఊర్లో లేనివి. అంటే 300 మెజార్టీ కాదు, ఇప్పటికి 50 వెనక ఉండాం.

మామ ఆ లిస్ట్ చూసి అత్త రాసిన చోట వేలు పెట్టి "వీడు కూడానా?" అన్నాడు, వీడంటే రోజూ రచ్చకట్ట మీద టీ తాగే పదిమందిలో ఒకడు. అత్త ఏం మాట్లాడలేదు, సంగటి పెట్టింది. ఎకరా మాట ఆ రోజు నుంచి ఎత్తలేదు, రేపు ఎత్తడని గ్యారంటీ ఏం లేదు.

చాక్‌పీస్_పంతులు:

బాగా చేసినావు నాయనా. చెల్లని ఓట్లు కూడా కొన్ని తీసెయ్, ఇప్పటిదాకా ఇది బ్యాలెట్ పేపర్ ఎలక్షనే. ముసలోళ్ళు రెండు గుర్తుల నడుమ గీత మీద ముద్ర వేస్తారు, కొందరు ఇద్దరికీ వేసి పుణ్యం కట్టుకుంటారు. 2013లో నేను చేసిన ఊర్లో 25 చొప్పున కట్టలు కట్టి లెక్కేస్తే తేడా 7 ఓట్లు, చెల్లనివి 40 పైన. రాత్రి పది దాకా ఆ నలభై కాగితాలు లైట్ కింద పట్టుకొని నా ముందే తగువులాడినారు. మడతలో అవతలి వైపు సిరా అంటుకున్న ఓటు చెల్లుతాది, అది మీ ఏజెంట్‌కి ముందే నేర్పించు. సమానం వస్తే లాటరీ తీస్తారు, దానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

సుగ్గి పోయిన 38 ఇళ్ళకు అవతలోళ్ళు బండి పెట్టి పిలిపిస్తాండారేమో కనుక్కున్నావా? 2021లో నాలుగు విడతల్లోనూ పోలింగ్ 80 శాతం పైనే, అంతా ఊర్లో ఉన్నోళ్ళే వెయ్యలేదు.

ఉగ్గాని_బజ్జీ:

అయ్యో అది అడగలేదు సార్. అత్తకు ఫోన్ చేస్తా.

పెన్నహోబిలం_దారి:

లేడీస్ రిజర్వేషన్ వస్తే నా ఓటు మీ అత్తకే అని చెప్పు, ఓటు ఉరవకొండలో ఉండాది అదొక్కటే ప్రాబ్లం.